ఇరవై ఆరుగురి లెక్క

ఫార్మింగ్టన్ హిల్స్ లైబ్రరీలో ఆ పెద్దాయనకు పేపర్ చదివి వినిపించడానికి కూర్చున్న మొదటి రోజే మా ఇద్దరికీ గొడవైంది. గొడవ దశాంశ బిందువు గురించి.

అప్పటికి మేం మిషిగన్ వచ్చి రెండేళ్లు. మా ఆయన కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజినీరు. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఖమ్మంలో తొమ్మిదేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాలేదు. లైబ్రరీకి వెళ్లి, జీతం అక్కర్లేదు, ఏదైనా పని ఇవ్వండి అన్నాను. కౌంటర్ దగ్గరున్నావిడ కాసేపు ఆలోచించి, మంగళవారం, గురువారం ఒకాయన వస్తాడు, చూపు తగ్గింది, ఆయనకు పేపర్ చదవగలరా అంది.

ఆయనకు డెబ్భై ఏడేళ్లు. కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఎనిమిదేళ్లు తలుపులు బిగించి రిటైరయ్యాడు. కంటి మధ్యలో చూపు పోయి, పక్కల మాత్రమే మిగిలింది. అందుకని నా ముఖం చూడాలంటే నా చెవి వైపు చూసేవాడు. ఎన్నికల వార్తలు చదవనా, వాతావరణం చదవనా అని అడిగితే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"బాక్స్ స్కోర్ చదువు. మిగతాదంతా టీవీ వాళ్లు అరిచి చెబుతారు."

బాక్స్ స్కోర్ అంటే ముందురోజు బేస్‌బాల్ ఆటను అంకెల్లో కుదించిన చిన్న పట్టిక. ఎవరు ఎన్నిసార్లు బ్యాటింగ్‌కి వచ్చారు, ఎన్ని కొట్టారు, బంతులు వేసే పిచ్చర్ ఎన్ని ఇన్నింగ్స్ వేశాడు, అన్నీ అందులో ఉంటాయి. నాకు బేస్‌బాల్ తెలియదు కానీ అంకెలు తెలుసు. ధైర్యంగా మొదలుపెట్టాను. ఒక పిచ్చర్ పేరు పక్కన 6.2 అని ఉంటే "సిక్స్ పాయింట్ టూ" అని చదివాను.

"ఆరూ, మూడింట రెండు వంతులు," అన్నాడాయన.

"కాదు సర్. ఇక్కడ ఆరు పాయింట్ రెండు అని ఉంది."

"ఉంటుంది. ఇన్నింగ్స్‌కి మూడు అవుట్‌లు. ఆరు ఇన్నింగ్స్ పూర్తిగా వేసి, ఏడో దాంట్లో ఇద్దరిని అవుట్ చేశాడు. అంటే మూడింట రెండు వంతులు."

"అలాంటప్పుడు 6.67 అని వేయాలి. ఇది తప్పు రాత. నా క్లాసులో ఎవరైనా ఇలా రాస్తే సున్నా వేసేదాన్ని."

ఆయన పెద్దగా నవ్వాడు. లైబ్రరీ అని కూడా చూడలేదు. "అయితే నువ్వు ప్రొఫెసర్‌వన్నమాట," అన్నాడు. ఆరోజు నుంచి నన్ను ప్రొఫెసర్ అనే పిలిచాడు. నేను సర్ అనడం మానలేదు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్లనే సర్ అంటారు, నన్ను అనొద్దు అని ఆయన ఎన్నిసార్లు చెప్పినా నా నోటికి వేరే మాట రాలేదు.

ఆట నేర్పింది ఆయనే. పట్టిక చదవడం వచ్చాక పాత రికార్డుల్లోకి తీసుకుపోయాడు. ఫ్యాక్టరీలో తలుపులు బిగించే లైన్ మీద అందరూ ఆడుకునే ఆట ఒకటి ఉండేదట. పొద్దున ఒకడు బేస్‌బాల్ రికార్డుల మీద ప్రశ్న వేస్తాడు. అది ఒకరి నుంచి ఒకరికి లైన్ చివరి దాకా వెళ్తుంది. భోజనాల వేళకు జవాబు వెనక్కి తిరిగి రావాలి. వరుసగా యాభై ఆరు ఆటల్లో హిట్ కొట్టినవాడెవడు, వాణ్ని ఆపింది ఏ ఊరి జట్టు? ఆ మోతలో నిమిషానికొక తలుపు బిగిస్తూ మతి పోకుండా కాపాడింది ఆ ప్రశ్నలే అనేవాడు.

ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన రికార్డు బంతిని మైదానం అవతలికి కొట్టే హోమ్ రన్‌లది కాదు. ఒక్క ఆట కూడా మానకుండా ఎవరు ఎన్ని ఆటలు ఆడారు అన్నది. "పనికి వచ్చినవాడి రికార్డు అది," అనేవాడు.

2012 ఏప్రిల్‌లో మా అత్తయ్య కరీంనగర్ నుంచి ఆరు నెలల కోసం వచ్చింది. ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా రిటైరైన మనిషి. ఇంట్లో ఒంటరిగా ఉండనంటే ఉండనంది. గురువారాలు నాతో లైబ్రరీకి రావడం మొదలుపెట్టింది. మొదటిరోజే పెద్దాయన ఎదురుగా కూర్చుని, టార్చ్ లేకపోయినా డ్యూటీలో ఉన్నట్టే ఆయన కళ్లలోకి చూసింది.

"డ్రాప్స్ వేసుకుంటుండా లేదా అడుగు."

అడిగాను. ఆయన తడబడ్డాడు.

"వేసుకోడు. ముఖం జూస్తే తెలుస్తలేదా," అంది అత్తయ్య. తర్వాత నేరుగా ఆయనతో, తనకొచ్చిన ఆసుపత్రి ఇంగ్లీష్‌లో, "డైలీ. టు టైమ్స్. నో ఫర్‌గెట్," అంది. ఆయన బుద్ధిగా తలూపాడు. ఆ తర్వాత అత్తయ్య ఆయన్ని అన్న అని, ఆయన ఆమెను నర్స్ అని పిలుచుకున్నారు.

జూన్ నెలలో లైబ్రరీ గోడమీద ఒక కాగితం అంటించారు. ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం బేస్‌బాల్ ట్రివియా పోటీ. జట్టుకు ఇద్దరు లేదా ముగ్గురు. పెద్దాయనకు అది చదివి వినిపించాను. ఫ్యాక్టరీ స్నేహితుడితో కలిసి ఆ పోటీ ఆయన ఐదుసార్లు గెలిచాడట. స్నేహితుడు కూతురి దగ్గరికి ఫ్లోరిడా వెళ్లిపోయాడు. ఈయన చూపు పోయింది. ప్రశ్నలు తెరమీద వేస్తారు, ఫొటోలు చూపిస్తారు.

"నువ్వు వచ్చి ప్రశ్నలు చదివి, జవాబులు రాస్తే చాలు," అన్నాడు.

"చదవడానికైతే రాను సర్. ఆడటానికైతే వస్తాను."

ఆయన నా చెవి వైపు చాలాసేపు చూశాడు. "రెండు నెలలుంది. మొదలుపెట్టు మరి," అన్నాడు.

నాకు సందేహమేమీ లేదు. పన్నెండు వందల మంది పిల్లలకు కలన గణితం చెప్పాను, ఆటగాళ్ల రికార్డులు నేర్చుకోలేనా? రెండు వందల పేజీల నోట్‌బుక్ కొని, ఆటగాళ్ల పేర్లు తెలుగు లిపిలో రాసుకున్నాను. బట్టీ పట్టలేదు. ప్రతి రికార్డు పక్కన అది ఎందుకు కష్టమో రాసుకున్నాను. కారణం తెలిస్తే అంకె దానంతటదే గుర్తుంటుంది. కొత్త రికార్డుల పుస్తకం లైబ్రరీలో కూర్చుని చదివాను. వంట చేస్తూ అత్తయ్య చేత ప్రశ్నలు అడిగించుకున్నాను. ఆమె ఇంగ్లీష్ పేర్లను తన పద్ధతిలో పలుకుతుంటే ఎవరి గురించి అడుగుతోందో తేల్చుకోవడమే సగం పరీక్ష.

పోటీ రోజు లైబ్రరీ పెద్ద గదిలో పద్నాలుగు జట్లు కూర్చున్నాయి. దాదాపు అందరూ మగవాళ్లు, తలమీద టోపీలు. పక్క బల్ల దగ్గరి ఒకాయన మర్యాదగానే అడిగాడు, స్కోర్లు లెక్కపెట్టేది మీరేనా అని.

"కాదండీ. మిమ్మల్ని ఓడించేది," అన్నాను. ఆయనా నవ్వాడు, నేనూ నవ్వాను. వెనక కుర్చీలో కూర్చున్న అత్తయ్య ఏమన్నావని అడిగి, చెప్పాక నా భుజం తట్టింది.

ప్రశ్నలు ముప్ఫై. ప్రశ్నకు ఒక నిమిషం. ప్రశ్నలు తెరమీద వేసి, టైమ్ అయ్యాక జవాబులు చదివేవాడు ఒక రిటైర్డ్ స్కూల్ కోచ్, సన్నగా పొడవుగా ఉన్నాడు. మొదటి పది ప్రశ్నల్లో తొమ్మిది సరిగ్గా రాశాం. తర్వాత తెరమీద ఒక పాత ఫొటో పడింది. నేను పెద్దాయన చెవి దగ్గరికి వంగి గొంతు తగ్గించి చెప్పాను.

"నలుపు తెలుపు ఫొటో. మైదానం మధ్యలో ఒకాయన ఆట బట్టల్లో నిలబడ్డాడు. ముందు మైకులు. తల వంచుకున్నాడు. టోపీ చేతిలో..."

"చాలు," అన్నాడు పెద్దాయన. "జబ్బు చేసి ఆట మానేశాక వీడ్కోలు చెప్పిన రోజు అది. ప్రశ్నేమిటి?"

"వరుసగా ఎన్ని ఆటలు ఆడాడు?"

"రెండు వేల నూట ముప్ఫై."

నేను రాసేశాను. ఆయన జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. "డ్రాప్స్ వేసుకున్నా, అందుకే," అన్నాడు.

పదిహేడో ప్రశ్న దగ్గర తప్పు చేశాను. ఒకే ఇన్నింగ్స్‌లో ఒక పిచ్చర్ అత్యధికంగా ఎంతమందిని స్ట్రైక్ అవుట్ చేశాడు, అంటే మూడు బంతులూ కొట్టనివ్వకుండా అవుట్ చేశాడు? అది చూడగానే నాకు నవ్వొచ్చింది. ఇన్నింగ్స్‌కి మూడు అవుట్‌లే కదా, మూడుకు మించి ఎలా ఉంటుంది? ఆయనకు చదివి వినిపించకుండానే మూడు అని రాసి కాగితం తిప్పేశాను. కోచ్ జవాబు చదివాడు. నలుగురు. బ్యాటర్ మూడో బంతి కూడా కొట్టలేకపోయినా, వెనక కూర్చున్న క్యాచర్ ఆ బంతిని జారవిడిస్తే బ్యాటర్ మొదటి బేస్‌కి, అంటే పరుగు దారిలో మొదటి మజిలీకి, పరుగెత్తవచ్చు. పిచ్చర్ ఖాతాలో స్ట్రైక్ అవుట్ పడుతుంది, మనిషి మాత్రం అవుట్ కాడు. అందుకని నాలుగోవాడికి చోటుంటుంది.

పెద్దాయన నావైపు తిరిగాడు. "ఆ ప్రశ్న ఎప్పుడు వచ్చింది?"

"ఇప్పుడే సర్. నేనే రాసేశాను. మూడని."

"నన్ను అడిగావా?"

అడగలేదు. ఆయన తెర చూడలేడు, కాగితం చూడలేడు. నేను నోరు విప్పకపోతే ఆ బల్ల దగ్గర ఆయన లేనట్టే. తప్పు జవాబుకన్నా ఈ సంగతి ఎక్కువ గుచ్చుకుంది. "సారీ సర్. ఇంకోసారి చేయను," అన్నాను. ఆయన చేతికర్ర మీద గడ్డం ఆనించాడు.

ఇరవై తొమ్మిదో ప్రశ్న వచ్చేసరికి మేం పక్క బల్ల వాళ్లతో సమానంగా ఉన్నాం. ప్రశ్న ఇది. ఆట మధ్యలో వేరేవాడి స్థానంలో వచ్చి పర్ఫెక్ట్ గేమ్ ఆడిన పిచ్చర్లు ఎంతమంది?

పర్ఫెక్ట్ గేమ్ అంటే ఆటలోని తొమ్మిది ఇన్నింగ్స్‌లోనూ అవతలి జట్టు నుంచి వరుసగా ఇరవై ఏడుగురు రావడం, ఇరవై ఏడుగురూ అవుట్ అవడం. ఒక్కడు కూడా బేస్ మీద కాలు పెట్టకూడదు. నేను ప్రశ్న మొత్తం ఆయనకు చదివాను.

"ఒకడు," అన్నాడు వెంటనే. "లైన్ మీద ఈ ప్రశ్న పదిసార్లు వచ్చి ఉంటుంది. వందేళ్ల కిందటి సంగతి. మొదట బంతి వేసినవాడు మొదటి బ్యాటర్‌కే నాలుగు చెడ్డ బంతులు వేశాడు. అలా వేస్తే బ్యాటర్‌కి మొదటి బేస్ ఊరికే ఇస్తారు, వాక్ అంటారు. ఆ పిచ్చర్ ఒళ్లు మండి అంపైర్‌ని కొట్టాడు. బయటికి పంపించేశారు. రెండోవాడు వచ్చాడు. బేస్ మీదున్నవాడు రెండో బేస్‌కి దొంగపరుగు తీయబోయి దొరికి అవుటయ్యాడు. ఆ తర్వాత వచ్చిన ఇరవై ఆరుగురినీ రెండో పిచ్చర్ వరుసగా అవుట్ చేశాడు. ఒకటి అని రాయి."

నాకు ఆ ఆట తెలుసు. నోట్‌బుక్‌లో ఒక పేజీ మొత్తం దానికే ఇచ్చాను. ఆయన చదివిన పుస్తకాలు పాతవి. ఇరవై ఏళ్ల కిందట రికార్డుల కమిటీ నిర్వచనాలను సరిచేసినప్పుడు ఆ ఆటను పర్ఫెక్ట్ గేమ్‌ల జాబితాలోంచి తీసేశారు. మొదటివాడు బేస్ ఎక్కాడు కదా.

"సర్, అది ఇప్పుడు జాబితాలో లేదు. సున్నా."

"ఒకటి, ప్రొఫెసర్. ఇందాక కూడా నీకు తెలుసనుకున్నావు."

ఆ మాట తగిలింది. ముప్ఫై సెకన్లున్నాయి. పెన్ను నా చేతిలో ఉంది. ఏం రాస్తున్నానో ఆయనకు కనిపించదు. సున్నా రాసి ఊరుకుంటే గొడవే లేదు. ఇందాక చేసింది అదే కదా.

"సర్, మీకు చెప్పి రాస్తున్నాను. సున్నా రాస్తున్నాను. తప్పైతే అది నాది."

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "పెన్ను నీ దగ్గరుంది," అన్నాడు.

కోచ్ కార్డు చూసి జవాబు చదివాడు. "ఒకరు."

గదిలో చప్పట్లు. పెద్దాయన కర్రతో నేలమీద ఒక్కసారి కొట్టాడు. నేను లేచి నిలబడ్డాను.

"కూర్చో," అన్నాడాయన.

"కూర్చోను సర్." కోచ్ వైపు తిరిగాను. "మీ కార్డు పాతది. పర్ఫెక్ట్ గేమ్‌కి ఎవరూ బేస్ ఎక్కకూడదు. ఆ ఆటలో మొదటి బ్యాటర్ వాక్ మీద బేస్ ఎక్కాడు. ఒకప్పుడు దాన్ని లెక్కలో వేసేవారు, తర్వాత తీసేశారు. కొత్త రికార్డుల పుస్తకం ఇక్కడే, క్రీడల షెల్ఫ్‌లో, కింది అరలో ఉంది. తెచ్చి చూడండి."

బోర్డు మీద తప్పు కనబడితే చూపించడం నాకు కొత్త కాదు. ఎదురుగా కూర్చున్నవాళ్లే కొత్త. కోచ్ నన్నూ, కార్డునూ చూసి, షెల్ఫ్ దగ్గరికి వెళ్లాడు. గది మొత్తం అతని కోసం ఎదురుచూసింది. పుస్తకం తెచ్చి, కళ్లజోడు పెట్టుకుని, ఒక పేజీలో వేలితో జాబితా అంతా చదివాడు. మళ్లీ పైనుంచి చదివాడు.

"ఆవిడ చెప్పిందే సరైనది," అన్నాడు. "సున్నా. నేను ఈ కార్డు పన్నెండేళ్లుగా వాడుతున్నాను."

పక్క బల్ల టోపీవాలా ముందుగా చప్పట్లు కొట్టాడు. వాళ్లు ఒకటి అని రాశారు, వాళ్ల పాయింట్ పోయింది, అయినా కొట్టాడు. పెద్దాయన మాత్రం కదలలేదు.

ముప్ఫయ్యో ప్రశ్న ఇద్దరం కలిసి రాశాం, కుదిరింది. పక్క బల్ల వాళ్లకు అది తప్పింది. అయితే వెనక వరుసలో చప్పుడు లేకుండా ఆడుతున్న అన్నదమ్ములిద్దరు మాకన్నా ఒక్క పాయింట్ ఎక్కువ తెచ్చుకున్నారు. మాది రెండో స్థానం. ఆ ఒక్క పాయింట్ పదిహేడో ప్రశ్నది. లెక్కల మనిషిని కాబట్టి నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆయన్ని ఇంటి దగ్గర దింపడానికి కార్లో ఎక్కించుకున్నాం. ముందు సీట్లో ఆయన, వెనక అత్తయ్య. రెండు సిగ్నళ్లు దాటాక ఆయన నావైపు తిరిగాడు.

"పుస్తకాలు ఎలాగైనా రాసుకోనీ," అన్నాడు చివరికి. "ఆ పిచ్చర్ తన ముందుకొచ్చిన ప్రతివాణ్నీ అవుట్ చేశాడు. ఇరవై ఆరుకి ఇరవై ఆరు. వాడి పనిలో తప్పెక్కడుంది?"

ఏమంటున్నాడని అత్తయ్య అడిగింది. డ్రైవ్ చేస్తూనే మొత్తం కథ తెలుగులో చెప్పాను. అత్తయ్య ముందుకు జరిగి మా ఇద్దరి సీట్ల మధ్యకు తల పెట్టింది.

"అన్న చెప్పేది కరెక్టే. నేను ముప్ఫయ్ ఏండ్లు డ్యూటీ చేసిన. పొద్దటి షిఫ్ట్‌ల నర్సు గడబిడ చేసి పోతది. మధ్యాహ్నం నేనొచ్చి పేషెంట్‌ను నిలబెడ్త. చార్ట్‌ల చూస్తే ఆ గడబిడ అట్లనే ఉంటది. చార్ట్ అబద్ధం జెప్పది. కానీ నా డ్యూటీల తప్పేముంది బిడ్డా?"

"మరి నేను చెప్పింది?"

"నువ్వు చెప్పింది గూడ కరెక్టే. నువ్వు చెప్పింది పేషెంట్ లెక్క. అన్న చెప్పేది నర్సు లెక్క."

ఆ మాట ఇంగ్లీష్‌లోకి తేవడానికి నాకు ఇంకో రెండు సిగ్నళ్లు పట్టింది. విన్నాక పెద్దాయన వెనక్కి తిరిగి, కంటి కొసతో అత్తయ్యను చూడటానికి ప్రయత్నించాడు. "వచ్చే ఏడాది ముగ్గురి పేర్లూ రాయించు," అన్నాడు నాతో. ఇంటి ముందు దిగాక, తలుపు పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. "చెప్పి రాశావు. అది బాగుంది, ప్రొఫెసర్."

ఆ ఏడాది సీజన్ ముగిసేసరికి డెట్రాయిట్ ఆటగాడొకడు బ్యాటింగ్ సగటులోనూ, హోమ్ రన్‌లలోనూ, కొట్టి రప్పించిన పరుగుల్లోనూ తన లీగ్ అంతటికీ మొదటివాడయ్యాడు. మూడూ ఒకే ఏడాది ఒకే మనిషికి రావడం నలభై ఐదేళ్ల తర్వాత అదే. ఆ ముందుసారి చేసినవాడి జట్టు సీజన్ చివరి రోజున డెట్రాయిట్‌ను దాటిపోయిందట. పెద్దాయనకు ఆ కోపం అంతకాలం పోలేదు. సీజన్ ముగిసిన మర్నాడు పొద్దున లైబ్రరీకి వస్తూనే, "ఇవాళ్టితో ఎన్ని కార్డులు పాతబడ్డాయో!" అన్నాడు. అంతగా ఆనందపడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మరుసటి వేసవిలో అత్తయ్య మళ్లీ వచ్చింది. ముగ్గురం కలిసి పోటీకి వెళ్లాం. కోచ్ కొత్త కార్డులు రాసుకొచ్చాడు. ముగ్గురూ ఒప్పుకుంటేనే జవాబు రాయాలని పెద్దాయన షరతు పెట్టాడు. ప్రతి ప్రశ్నా నేను చదవాలి, అత్తయ్యకు తెలుగులో చెప్పాలి, ఇద్దరి వాదనా వినాలి. నాలుగు ప్రశ్నలకు టైమ్ అయిపోయి కాగితం ఖాళీగా ఇచ్చాం. ఐదో స్థానం వచ్చింది. మా బల్ల దగ్గర జరిగినన్ని వాదనలు ఆ గదిలో ఇంకెక్కడా జరగలేదని కోచ్ అన్నాడు. పెద్దాయన దాన్ని మెప్పుగానే తీసుకున్నాడు.